ఇంటి అప్పు టీ మానేస్తే తీరదు

హోమ్ లోన్ గడువుకంటే చాలా ముందే తీర్చేశామని చెబితే రెండు రకాల జవాబులు వస్తాయి. మొదటిది డబ్బు లెక్కలు తెలిసినవాళ్ళది: "అయ్యో, అంతకంటే చవక అప్పు ఎక్కడ దొరుకుతుంది? దాన్నెందుకు తీర్చారు? ఆ డబ్బు సిప్‌లో, అంటే నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో, వేసుంటే ఈపాటికి ఎంతయ్యేదో!" రెండోది చుట్టాలది: "పాపం, నోరు కట్టుకుని కట్టేశారన్నమాట." మొదటివాళ్ళ దృష్టిలో మేం లెక్కలు రానివాళ్ళం, రెండోవాళ్ళ దృష్టిలో పిసినారులం. ఇద్దరితోనూ నాకు పేచీ ఉంది. చుట్టాలతో ఉన్న పేచీయే పెద్దది. పొదుపుగా బతికి అప్పు తీర్చడమంటే టీ మానేయడం, పేపరు మానేయడం, పనమ్మాయిని మానిపించడం అని వాళ్ళు అనుకుంటారు. ఆ పద్ధతిలో అరిగిపోయేది ఇంట్లో ఆడమనిషి ఓపిక. అప్పు ఎక్కడున్నది అక్కడే ఉంటుంది.

మా సంగతి ముందే చెప్పేస్తాను, తర్వాత దాపరికం ఉండదు. 2017లో నిజాంపేటలో రెండు బెడ్‌రూముల ఫ్లాట్ కొన్నాం. ధర 50 లక్షలు, లోన్ 40 లక్షలు, వడ్డీ 8.5 శాతం, గడువు 20 ఏళ్ళు, ఈఎంఐ 34,713 రూపాయలు. 2025లో లోన్ క్లోజ్ చేశాం. మా ఆయన హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తారు, నేను బాలానగర్‌లో ఒక ప్రైవేటు కంపెనీ అకౌంట్స్‌లో పనిచేస్తాను. అత్తయ్యగారు మాతోనే ఉంటారు, ఒక్కతే అమ్మాయి. అంటే రెండు జీతాలు, పిల్లను చూసుకోవడానికి ఇంట్లో ఒక పెద్దదిక్కు. ఈ రెండూ లేనివాళ్ళు మా లెక్క చూసి తమను తాము తిట్టుకోనక్కర్లేదు. ఒక జీతం మీద ముగ్గురు పిల్లల్ని చదివిస్తూ ఈఎంఐ తప్పకుండా కట్టేవాళ్ళది మాకంటే పెద్ద ఘనత.

అకౌంట్స్‌లో పనిచేస్తాను కాబట్టి లోన్ స్టేట్‌మెంట్ చదవడం నాకు అలవాటు. చాలామంది చదవరు. ఈఎంఐ కట్ అయిందన్న మెసేజ్ చూసి ఊరుకుంటారు. 40 లక్షలకు 8.5 శాతం చొప్పున మొదటి నెల వడ్డీ 28,333. కట్టిన 34,713లో అసలుకు జమయ్యేది 6,380. ఐదేళ్ళు ఒక్క నెల తప్పకుండా కడితే బ్యాంకుకు చేరేది 20 లక్షల 83 వేలు, అసలులో తగ్గేది నాలుగు లక్షల 75 వేలు. అసలు సగానికి దిగడానికి దాదాపు 14 ఏళ్ళు పడుతుంది. మిగతా సగం చివరి ఆరేళ్ళలో తీరుతుంది. 20 ఏళ్ళూ ఇలాగే కడుతూ పోతే మొత్తం 83 లక్షల పైచిలుకు. ఇందులో బ్యాంకు మోసమేమీ లేదు. బాకీ ఎక్కువున్నప్పుడు వడ్డీ ఎక్కువ, బాకీ తగ్గేకొద్దీ వడ్డీ తగ్గుతుంది, అంతే. కాకపోతే ఈఎంఐ ప్రతినెలా ఒకే అంకె కావడంతో లోపల జరిగేది పైకి కనపడదు.

ఇదే లోన్‌కు మొదటి నెల నుంచి పదివేలు అదనంగా కడితే 20 ఏళ్ళ అప్పు పన్నెండేళ్ళలోపే అయిపోతుంది. అలా కట్టక్కర్లేకుండా పోయే వడ్డీ 19 లక్షలకు పైనే. ఏడాది తిరిగేసరికి ఒక్కసారి లక్ష రూపాయలు అసలులో వేస్తే చివర్న దాదాపు 14 ఈఎంఐలు ఎగిరిపోతాయి. అవి నాలుగు లక్షల 75 వేలు. అదే లక్ష 15 ఏళ్ళు కట్టాక వేస్తే పోయేది నాలుగు ఈఎంఐల పైచిలుకు మాత్రమే, లక్షన్నర.

ఈ చివరి లెక్క చూపించే "పదేళ్ళు దాటాక ముందస్తుగా కట్టి లాభం లేదు, వడ్డీ అంతా ముందే పిండేసి ఉంటారు" అని చెబుతుంటారు. మా ఆఫీసులో కూడా ఇది వేదవాక్కు. ఇది తప్పు. మీరు ఏ ఏడాదిలో వేసినా ఆ లక్ష మీద మిగిలేది ఏడాదికి 8.5 శాతమే, రూపాయి ఎక్కువా లేదు, తక్కువా లేదు. మొదట్లో వేసిన లక్ష 19 ఏళ్ళు పనిచేస్తుంది, చివర్లో వేసిన లక్ష ఐదేళ్ళు పనిచేస్తుంది, తేడా అదొక్కటే. ఎఫ్‌డీలో పెట్టిన డబ్బు ఐదేళ్ళలో ఇరవయ్యేళ్ళంత పెరగలేదని ఎవరైనా ఏడుస్తారా? పదిహేనో ఏట చేతిలో డబ్బుండి, దానికి ఎఫ్‌డీ తప్ప వేరే దారి కనపడకపోతే, అప్పులో వేయడమే మేలు. ఎఫ్‌డీ వడ్డీ లోన్ వడ్డీకంటే తక్కువ ఉంటుంది, పైగా దానిమీద టాక్స్ కట్టాలి.

ఇక సిప్ వాళ్ళ వాదన. కాగితం మీద అది సరైనదే. 15, 20 ఏళ్ళు ఓపిక పడితే మంచి ఈక్విటీ ఫండ్ 8.5 శాతం దాటే అవకాశం ఉంది. కానీ అది అవకాశం. అప్పు తీర్చడం వల్ల మిగిలే 8.5 ఖాయం, దానిమీద టాక్స్ లేదు. ఫండ్ లాభం మీద ఏడాదికి లక్షా 25 వేలు దాటితే 12.5 శాతం టాక్స్ ఉంది. ఖాయమైన 8.5తో ఖాయం కాని 11ని పోల్చేటప్పుడు రెండింటి మధ్య దూరం చూసినంత ఎక్కువ ఉండదు.

టాక్స్ మినహాయింపు పోతుందని మరొకరంటారు. సొంతంగా ఉంటున్న ఇంటి లోన్ వడ్డీలో ఏడాదికి రెండు లక్షల దాకా మినహాయింపు ఉంది, పాత టాక్స్ పద్ధతిలో ఉన్నవాళ్ళకు మాత్రమే. 30 శాతం శ్లాబులో ఉన్నవాళ్ళకు దానివల్ల మిగిలేది సెస్‌తో కలిపి 62,400. మా మొదటి ఏడాది వడ్డీ మూడు లక్షల 37 వేలు. 62 వేలు మిగులుతాయని మూడు లక్షల 37 వేలు వడ్డీ కడుతూ సంబరపడే లెక్క నాకెప్పుడూ అర్థం కాలేదు. కొత్త పద్ధతిలోకి మారినవాళ్ళకు ఆ 62 వేలు కూడా లేవు. కొత్త పద్ధతిలో పన్నెండు లక్షల దాకా టాక్స్ లేకుండా చేసిన 2025 బడ్జెట్ తర్వాత మధ్యతరగతి జీతగాళ్ళకు పాత పద్ధతిలో ఉండిపోవడానికి కారణాలు బాగా తగ్గాయి.

సిప్ వాదనలో నాకు నచ్చనిది లెక్క కాదు, మనిషి. "ప్రీపేమెంట్ ఎందుకు, ఆ పదివేలు సిప్‌లో వేస్తాను" అన్నవాళ్ళలో ఆ పదివేలు నిజంగా 15 ఏళ్ళు సిప్‌లో వేసినవాళ్ళను నేను చూసింది తక్కువ. మార్కెట్ పడగానే ఆపేస్తారు, పెరగగానే తీసి కారు డౌన్ పేమెంట్ కడతారు. అప్పులో వేసిన డబ్బును అలా వెనక్కి తీయలేం. దాని లోపమూ అదే, గుణమూ అదే. ఇంకొక సంగతి హైదరాబాదులో ఐటీ ఇళ్ళవాళ్ళకు చెప్పనక్కర్లేదు. నలభై అయిదు దాటిన టెస్టింగ్ ఉద్యోగికి పైకి చెప్పని టెన్షన్ ఒకటుంటుంది. ప్రాజెక్టు పోయిన నెలలో ఈఎంఐ ఉన్న ఇంట్లో కూర్చోవడం వేరు, లేని ఇంట్లో కూర్చోవడం వేరు. ఈ తేడాకు శాతం కట్టలేం.

అందరూ తీర్చేయాలని కూడా నేననను. మా తమ్ముడు డాలస్ పక్కన ఫ్రిస్కోలో 2021లో ఇల్లు కొన్నాడు. ఆ ఏడాది జనవరిలో అమెరికాలో ముప్పయ్యేళ్ళ లోన్ సగటు వడ్డీ 2.65 శాతానికి దిగింది, చరిత్రలో అంత తక్కువ ఎప్పుడూ లేదు. వాడికి మూడు శాతంలోపే దొరికింది, ముప్పయ్యేళ్ళూ అదే రేటు, పెరగదు. 2023 అక్టోబరులో అక్కడే కొత్త లోన్లు ఎనిమిది శాతం దగ్గరదాకా వెళ్ళాయి, డిపాజిట్ల మీదే నాలుగైదు శాతం వచ్చింది. వాడు నన్ను చూసి "అక్కా, నేనూ ముందే కట్టేస్తా" అంటే, ఒరే, నువ్వు కట్టకు అని చెప్పాను. రేటు కదలని చవక అప్పు వాడిది. మనది అలా కాదు. మన హోమ్ లోన్లు చాలామటుకు ఫ్లోటింగ్, అంటే రేటు మారుతూ ఉండేవి. పేరు ఇరవై ఏళ్ళే గానీ అవి ఎన్నాళ్ళకు తీరతాయో ఆర్‌బీఐ బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ, అంటే రెపో రేటు, చెబుతుంది.

అది 2022లో అందరికీ తెలిసొచ్చింది. 2020 మే నుంచి రెపో నాలుగు శాతం దగ్గరుంది. 2022 మేలో పెంచడం మొదలుపెట్టి 2023 ఫిబ్రవరికి 6.5కు చేర్చారు, అంటే రెండున్నర శాతం పెరుగుదల. 2021లో 6.9 శాతానికి 40 లక్షలు, 20 ఏళ్ళకు తీసుకున్నవాళ్ళ ఈఎంఐ 30,772. రేటు 9.4కు చేరితే 40 లక్షల మీద నెల వడ్డీయే 31,333. ఈఎంఐ మొత్తం కట్టినా వడ్డీకి చాలదు! రెండేళ్ళు కట్టి అసలు కాస్త తగ్గించుకున్నవాళ్ళకు కూడా గడువు ఎక్కడికో వెళ్ళిపోయింది. బ్యాంకులు ఈఎంఐ పెంచకుండా గడువు పెంచాయి, చాలామందికి ఆ విషయం నెలల తర్వాత స్టేట్‌మెంట్ తీసినప్పుడు తెలిసింది. మా ఆయన ఆఫీసులో ఒకతను రిటైరయ్యాక కూడా కడుతూ ఉండాల్సిన పరిస్థితికి వచ్చాడు. తర్వాత 2023 ఆగస్టులో, రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచాలా, గడువు పెంచాలా అన్నది కస్టమర్‌ను అడగాలని ఆర్‌బీఐ ఆదేశించింది.

మాకు దెబ్బ తగల్లేదు. కారణం పొదుపు కాదు, 2020లో తీసుకున్న ఒక చిన్న నిర్ణయం. మాది పాత ఎంసీఎల్ఆర్ లోన్, అంటే బ్యాంకు తన ఖర్చును బట్టి రేటు వేసుకునేది. కొంత ఫీజు కట్టి రెపోకు ముడిపడిన రేటుకు మారాం. వడ్డీ ఏడు శాతం దగ్గరకు దిగింది. ఈఎంఐ తగ్గించుకోమంటే వద్దన్నాం, అదే 34,713 కడుతూ పోయాం. తగ్గిన వడ్డీ అంతా అసలులోకి వెళ్ళింది, మా చేతికి రాలేదు కాబట్టి ఖర్చూ కాలేదు. 2025లో రెపో మళ్ళీ 6.5 నుంచి 5.25కు దిగింది. ఇప్పుడు లోన్ ఉన్నవాళ్ళు చేయగలిగిన పనుల్లో ఒళ్ళు అలవనిది ఇదొక్కటే: రేటు తగ్గినా ఈఎంఐ తగ్గించుకోకండి.

ఇప్పుడు అసలు పేచీకి వస్తాను. టీ కొట్టు దగ్గర పదిహేను రూపాయల టీ రోజుకు రెండు మానేస్తే నెలకు 900. ఇది పొదుపు పాఠాల్లో అందరూ చెప్పేదే. మేం ఫ్లాట్ చూసేటప్పుడు అదే అపార్ట్‌మెంట్‌లో మూడు బెడ్‌రూములది 15 లక్షలు ఎక్కువ చెప్పారు. 8.5 శాతానికి 20 ఏళ్ళకు లక్షకు ఈఎంఐ 868 పడుతుంది. 15 లక్షలకు 13,020. ఆ మూడో గది వద్దనుకున్న ఒక్క సాయంత్రం మాకు పద్నాలుగు మంది ఇరవై ఏళ్ళు టీ మానేసినంత మిగిలింది. తొమ్మిది లక్షల కారు ఏడేళ్ళ లోన్ మీద తీసుకుంటే 9 శాతం చొప్పున ఈఎంఐ 14,480, పెట్రోలు, ఇన్సూరెన్సు, సర్వీసింగు వేరే. మేం కారు కొనలేదు. నాకు మియాపూర్ నుంచి బాలానగర్‌కు మెట్రో ఉంది, అది మేం ఫ్లాట్‌లోకి వచ్చిన ఏడాది నవంబరులోనే మొదలైంది. ఆయన బండి మీదే వెళ్ళేవారు. వర్షాకాలంలో హైటెక్ సిటీ రోడ్ల మీద ఆయన పడ్డ అవస్థ చిన్నది కాదు. అది ఆయన తనంతట తానే ఒప్పుకున్న కష్టం, నేను లెక్కలోంచి తీసేయను.

ఇంటీరియర్స్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కొత్త ఫ్లాట్ కొన్నవాళ్ళు సగం మునిగేది ఇక్కడే. ఒకబ్బాయి ల్యాప్‌టాప్ తెచ్చి మా హాల్లో ఇంకా కొనని సోఫా, ఇంకా పెట్టని ఫాల్స్ సీలింగ్, వెనక నుంచి వెలుగొచ్చే టీవీ గోడ అన్నీ త్రీడీలో చూపించాడు. చాలా బాగుంది, అబద్ధమెందుకు. కొటేషన్ ఎనిమిది లక్షలు, అది కూడా లోన్‌లోనే కలిపేయొచ్చని, టాప్ అప్ దొరుకుతుందని తనే చెప్పాడు. అత్తయ్యగారు కళ్ళద్దాలు సరిచేసుకుని కిచెన్ బొమ్మ దగ్గర ఆగిపోయారు. "బాబూ, పైన ఆ గాజు తలుపులు ఎవరు తుడుస్తారు?" అతనికి సమాధానం తట్టలేదు. నాకు మాత్రం తెలుసు, తుడిచేది ఎవరో. చివరికి వంటింట్లో బిల్డరు ఇచ్చిన కడప బండల అరలకు వడ్రంగితో ప్లైవుడ్ తలుపులు పెట్టించాం, రెండు గదుల్లో రెండు బీరువాలు. హాల్లో ఊరి నుంచి తెచ్చుకున్న టేకు మంచం దివాన్ అయింది. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళు కొందరు "ఇంకా పనులు అవలేదా" అని అడిగారు. అయిపోయాయండీ అన్నాను.

పెద్ద ఖర్చులు వద్దనడంలో ఒక సుఖం ఉంది. ఒక్కసారి వద్దంటే చాలు, రోజూ మనసు చంపుకోనక్కర్లేదు. చిన్న కోతలు అలా కాదు. అవి ప్రతిరోజూ ఎవరో ఒకరి చేత పని చేయిస్తాయి.

లోన్ తీసుకున్న కొత్తలో మా ఆయన ఎక్సెల్ షీట్ వేశారు. ఖర్చు తగ్గించదగ్గవి అని ఎర్రరంగులో పెట్టినవి: పనమ్మాయి 3,500, కర్రీ పాయింట్, ఆదివారం హోటలు, ఇస్త్రీ, రెడీమేడ్ దోసె పిండి. నేను ఆ షీట్ ప్రింటు తీసి ఒక్కో గీత పక్కన, ఆ పని ఇకమీదట ఎవరు చేస్తారో పేరు రాశాను. అయిదు గీతల పక్కనా నా పేరే వచ్చింది. సాయంత్రం ఏడింటికి మెట్రో దిగి వచ్చి, కర్రీ పాయింట్‌లో సాంబారు, బీరకాయ కూర తెచ్చుకుంటే ఇంట్లో కుక్కర్ ఒక్కటి పెడితే చాలు. అది మానేస్తే నెలకు రెండు వేలు మిగులుతుందేమో. మిగిల్చేది నేను, మిగిలేది మాత్రం ఇద్దరి పేరు మీదున్న ఫ్లాట్‌కు. ఆ రెండు వేలు నా రాత్రి జీతం అనుకుంటే అంత తక్కువ జీతానికి మా కంపెనీలో ఆఫీస్ బాయ్ కూడా రాడు. పనమ్మాయి సంగతి మరీను. ఆమె మా ఒక్క ఇంట్లో మానితే, అదే కాంప్లెక్సులో ఆమె చేసే నాలుగిళ్ళ ఆదాయంలో నాలుగో వంతు పోతుంది. మన అప్పు తీర్చుకోవడానికి ఆమె ఇంట్లో అప్పు పుట్టించడం పొదుపని నేను ఒప్పుకోను.

ఆయన కోప్పడలేదు గానీ కాసేపు బిత్తరపోయారు. "మరైతే నువ్వు చెప్పు, దేంట్లో తగ్గిద్దాం?" అన్నారు. నా షీట్‌లో ఉన్నవి: రెండేళ్ళకోసారి మార్చే ఆయన ఫోను, నా పట్టుచీరలు, ఇద్దరికీ కలిపి ఏడాదికోసారి వెళ్ళే టూరు, అమ్మాయి బడి. ఫోను నాలుగైదేళ్ళకు వెళ్ళింది. పట్టుచీరలు దాదాపు ఆగాయి. టూరు ఊరికి మారింది, తెనాలి దగ్గర అత్తయ్యగారి ఊరు, అక్కడ మామిడికాయ పచ్చడి పట్టుకుని రావడం కూడా కలిసొచ్చింది. బడి విషయంలో నెలలపాటు తర్జనభర్జన పడి, ఇంటర్నేషనల్ అన్న మాట పేరులో లేని ఒక మామూలు బడిలో వేశాం. మంచి టీచర్లే దొరికారు. అది మా తెలివి కాదు, అదృష్టం.

అప్పటి నుంచి మా ఇంట్లో ఒక కట్టుబాటు: ఎవరైనా ఒక ఖర్చు తగ్గించాలంటే తన ఖర్చే చెప్పాలి, పక్కవాళ్ళది కాదు. అత్తయ్యగారి బీపీ, షుగర్ మందులు, హెల్త్ ఇన్సూరెన్సు, ఇద్దరి టర్మ్ పాలసీలు అసలు చర్చకే రావు. నెట్‌లో చదివే పొదుపు కథల్లో నాకు ఎప్పుడూ కొట్టొచ్చినట్టు కనపడేది ఇదే. "అన్నీ ఇంట్లోనే చేసుకున్నాం" అని రాస్తారు. చేసినవాళ్ళు రాయరు.

చుట్టాల ఫంక్షన్ల దగ్గర మాత్రం ఈ లెక్కలు పనిచేయవు. పెళ్ళి, ఓణీలు, గృహప్రవేశం, సీమంతం, మన వైపు వీటికి బట్టలు పెట్టడం, చదివింపులు, సారె అంటూ ఒక సమాంతర ప్రభుత్వమే నడుస్తుంది. ఎవరు ఎంత చదివించారో నోటుబుక్కులో రాసి పదేళ్ళ తర్వాత తీసి చూసుకునే ఇళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నాయి. మేం ఏడాదికి ఇంత అని ఒక మొత్తం అనుకుని, అందరి ఫంక్షన్లకూ వెళ్ళాం, ఆ మొత్తంలోనే సర్దాం. "ఇద్దరూ ఉద్యోగాలే, చెయ్యి మాత్రం రాదు" అన్న మాట నా చెవిన పడింది. పడనీ. ఒకళ్ళ అమ్మాయి పెళ్ళికి డబ్బు తక్కువ పెట్టి, రెండు రోజులు ముందే వెళ్ళి వంటవాళ్ళ దగ్గరా, విడిదింటి దగ్గరా నిలబడ్డాను. వాళ్ళు ఇప్పటికీ ఆ నిలబడటమే చెప్పుకుంటారు. పొదుపు చేసేవాళ్ళు పోగొట్టుకోకూడనిది మనుషుల రాకపోకలు. ఖర్చవుతుందని ఫంక్షన్లకు వెళ్ళడం మానేసిన వాళ్ళను చూశాను, లోన్ తీరింది, ఇంటికి వచ్చేవాళ్ళు లేరు.

డబ్బు ఎలా చేరింది అంటే, పద్ధతి చాలా మామూలుది. ఇంక్రిమెంటు వచ్చినప్పుడు పెరిగిన దాంట్లో సగం అప్పుకు, సగం మాకు. బోనసు వస్తే మొత్తం అప్పుకే. జీతం పడిన మర్నాడే బదిలీ, నెలాఖరుకు మిగిలితే కడదాం అనుకుంటే ఏ నెలాఖరుకూ మిగలదు. చిట్టీ వేసి పాడుకుని కట్టమని చాలామంది సలహా ఇచ్చారు. ముందుగా పాడుకుంటే తగ్గింపు రూపంలో వడ్డీ పోతుంది, ఆఖరు దాకా ఉంటే అంతవరకు లోన్ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. ఇక రిజిస్టర్ కాని చిట్టీలైతే రాత్రికి రాత్రి బోర్డు తిప్పేసిన కథలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. నాకు అక్కర్లేదు.

ఫ్లోటింగ్ రేటు హోమ్ లోన్ మీద బ్యాంకులు ముందస్తు చెల్లింపు ఛార్జీలు తీసుకోకూడదని ఆర్‌బీఐ 2012లోనే చెప్పింది. అయినా కట్టేటప్పుడు ఒకటి గమనించుకోవాలి. మేం మొదటిసారి పెద్ద మొత్తం కట్టినప్పుడు బ్రాంచిలో గడువు అలాగే ఉంచి ఈఎంఐ తగ్గించేశారు. అడిగితే "సిస్టమ్ అలా తీసుకుంటుంది మేడమ్" అన్నారు. అప్పటి నుంచి ప్రతిసారీ "ఈఎంఐ మార్చకండి, గడువు తగ్గించండి" అని లెటర్ ఇచ్చి, రెండో కాపీ మీద స్టాంపు వేయించుకుని, కొత్త షెడ్యూలు ప్రింటు తీసుకునే బయటికి వచ్చేదాన్ని.

ఒక హద్దు మాత్రం మేం దాటలేదు. ఆర్నెల్ల ఇంటి ఖర్చు, ఈఎంఐతో సహా, ఎఫ్‌డీలో ఉన్నాకే ప్రీపేమెంట్. 2020లో ఆయన జీతంలో కోత పడింది. మార్చి నుంచి ఆగస్టు దాకా ఈఎంఐలు వాయిదా వేసుకోవచ్చని మారటోరియం ఇచ్చారు. ఈఎంఐ కట్టకపోయినా వడ్డీ ఆగదు కాబట్టి మేం తీసుకోలేదు, తీసుకోకుండా ఉండగలిగింది ఆ ఎఫ్‌డీ వల్లే. అప్పులో వేసిన డబ్బు ఆస్పత్రి కౌంటరు దగ్గర పనికిరాదు. ఈ భయం మరీ ఎక్కువున్నవాళ్ళకు ఓవర్‌డ్రాఫ్ట్ తరహా హోమ్ లోన్లు ఉన్నాయి. అందులో అదనంగా వేసిన డబ్బు మీద వడ్డీ తగ్గుతుంది, అవసరమైతే వెనక్కి తీసుకోవచ్చు. రేటు కొంచెం ఎక్కువ. చేతిలో డబ్బుంటే ఖర్చయిపోయే రకం మనుషులకు అది పనికిరాదు, మా ఆయన అదే రకం కనుక మేం దాని జోలికి పోలేదు.

క్లోజ్ చేయడం అనేది ఆఖరి చెల్లింపుతో అయిపోదు. ఈ భాగం చాలామంది వదిలేస్తారు. ఇక బాకీ లేదని బ్యాంకు ఇచ్చే నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోవాలి. ఒరిజినల్ సేల్ డీడ్, లింకు డాక్యుమెంట్లు అన్నీ లోన్ ఇచ్చేటప్పుడు బ్యాంకు రాసిచ్చిన లిస్టుతో ఒక్కొక్కటిగా సరిచూసుకోవాలి. పూర్తిగా తీర్చిన 30 రోజుల్లోపు కాగితాలు తిరిగి ఇవ్వాలని, తమ తప్పుతో ఆలస్యం చేస్తే రోజుకు 5,000 చొప్పున కస్టమర్‌కు చెల్లించాలని ఆర్‌బీఐ నిబంధన 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. బ్రాంచిలో ఈ మాట మర్యాదగా గుర్తుచేస్తే పనులు చురుగ్గా సాగుతాయి. లోన్ తీసుకున్నప్పుడు టైటిల్ డీడ్ తనఖా రిజిస్టర్ అయి ఉంటే, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దాని రద్దు కూడా రిజిస్టర్ చేయించాలి. ఆ తర్వాత ఈసీ, అంటే ఆస్తి మీద ఏ తనఖాలున్నాయో చూపే కాగితం, తీసి తనఖా రద్దు ఎక్కిందో లేదో చూడాలి. తనఖాల కేంద్ర రిజిస్టరు సెర్సాయ్‌లో బ్యాంకు తన ఛార్జి తీసేసిందా, మన అప్పుల చరిత్ర ఉండే సిబిల్‌లో లోన్ క్లోజ్డ్ అని చూపిస్తోందా, ఇవి కూడా. పదేళ్ళ తర్వాత ఫ్లాట్ అమ్మబోయినప్పుడు ఈసీలో పాత తనఖా బయటపడి, అప్పటికి ఆ బ్రాంచి ఇంకో బ్యాంకులో కలిసిపోయి ఉంటే తిరగాల్సిన తిరుగుడు ఊహించుకోండి.

ఇప్పుడు ఇంట్లో నడుస్తున్న వాదన వేరే. ఈఎంఐ పోయింది కదా, ఇంకో ఫ్లాట్ లోన్ మీద తీసుకుని అద్దెకిద్దాం అంటారు మా ఆయన. మా అపార్ట్‌మెంట్‌లోనే ఒకటి 70 లక్షలకు అమ్మకానికుంది, అద్దెకు 20 వేలు వస్తుంది. ఏడాదికి 2 లక్షల 40 వేలు, అంటే మూడున్నర శాతం కూడా లేదు, అందులోంచి మెయింటెనెన్సు, ప్రాపర్టీ టాక్స్ పోవాలి. ధర పెరుగుతుంది కదా అంటారాయన. పెరగొచ్చు, పెరగకపోవచ్చు, అమ్మాయి ఇంజనీరింగ్ ఫీజు మాత్రం తప్పకుండా వస్తుంది అంటాను నేను. సిప్ వద్దని ఇన్నాళ్ళూ చెప్పిన దాన్నే ఇప్పుడు పాత ఈఎంఐలో సగం ఇండెక్స్ ఫండ్‌కు, సగం బ్యాంకులో నెలనెలా కట్టే ఆర్‌డీకి పంపుతున్నాను. నెత్తిన అప్పు లేనప్పుడు మార్కెట్ పడినా నిద్ర పడుతుంది. ఆయన మాత్రం ఆ ఫ్లాట్ ఓనరు నంబరు ఇంకా ఫోన్‌లోంచి తీసేయలేదు.